మోడైన దేవగన్నేరు, కుళ్ళిన కొమ్మలు

ఖమ్మంలో కొత్తగా కొన్న ఇంటి పెరట్లో తెల్లని పూల చెట్టు ఉందనీ, దాన్ని ఒకరు గన్నేరంటే మరొకరు సంపంగి అంటున్నారనీ రాశారు. డిసెంబరు నుంచి ఆకు లేకుండా నిలబడింది కాబట్టి చచ్చిందేమో, కొట్టించాలా అని అడిగారు. ఆగస్టులో నాటిన రెండు కొమ్మలూ కుళ్ళిపోయాయని కూడా రాశారు.

ముందు గొడ్డలి పక్కన పెట్టండి. మీరు చెప్పిన గుర్తులను బట్టి అది దేవగన్నేరు. చలికాలంలో ఆకు రాల్చడం దానికి మామూలే. అనుమానంగా ఉంటే కొమ్మ మీద గోటితో కాస్త గీరి చూడండి. పై పొర కింద పచ్చదనం కనబడి తెల్లని పాలు ఊరితే చెట్టు నిక్షేపంగా ఉన్నట్టే. ఆ పాలు చేతికి అంటితే వెంటనే కడుక్కోండి. కొందరికి దురద పెడుతుంది, కంట్లో పడితే మంట.

పేరు దగ్గర తికమక సహజమే. హిందీవాళ్ళు దీన్ని చంపా అంటారు, ఆ మాట మన దగ్గర సంపంగిగా మారి ఉంటుంది. అసలు సంపంగికి పాలు కారవు. గన్నేరుకైతే ఇది నిజంగానే చుట్టం, రెండూ ఒకే కుటుంబం. కానీ గన్నేరు ఆకులు సన్నగా, కణుపుకు మూడేసి చొప్పున వస్తాయి. దేవగన్నేరు ఆకులు జానెడు పైగా పొడవుండి, కొమ్మల చివర్లలోనే గుత్తిగా ఉంటాయి. ఆకు రాలిన చోటల్లా కొమ్మ మీద మచ్చ మిగులుతుంది.

రకం తేల్చుకోవడానికి పూవు కన్నా ఆకే నమ్మకమైన సాక్షి. దేవగన్నేరు శాస్త్రీయ నామం ప్లుమేరియా. ఆకు చివర కోసుగా ఉండి చలికి మొత్తం రాలిపోతే ప్లుమేరియా రూబ్రా. రూబ్రా అంటే ఎరుపనే అర్థం, అయినా తెలుపు, పసుపు, గులాబి రంగులు కూడా ఇందులో ఉన్నాయి. చివర గుండ్రంగా, ముదురాకుపచ్చగా నిగనిగలాడుతూ చలికాలంలోనూ చాలావరకు ఆకు నిలిస్తే ప్లుమేరియా అబ్ట్యూసా. ఆకు పాము పడగలా ఉంటే అది నర్సరీల్లో నాగచంప పేరుతో అమ్మే ప్లుమేరియా పూడికా. దానికి వాసన ఉండదు, పూలు మాత్రం విరగబూస్తాయి. మీది మొత్తం మోడైంది కనుక రూబ్రాయే అయి ఉండాలి. పేరులో దేవుణ్ణి పెట్టుకుని గుడి ముందు నిలబడుతుంది గానీ, దీని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతం. లావోస్ దేశం దీన్నే జాతీయ పుష్పం చేసుకుంది.

ఇక కొమ్మల సంగతి. మీరు చేసిన తప్పే నేనూ చేశాను. మాది రాజమహేంద్రవరం. ఒక శ్రావణమాసంలో పక్కింటివాళ్ళు కొట్టేసిన కొమ్మలు మూడు తెచ్చి, పాలు కారుతుండగానే నల్లమట్టిలో పాతి, రోజూ చెంబుడు నీళ్ళు పోశాను. మూడో వారానికి తొక్క ముడతలు పడింది. మొదలు పట్టుకుని నొక్కితే వేలు లోపలికి దిగింది, లోపలంతా గోధుమరంగు గుజ్జు. మిగతా రెండూ అంతే.

తరువాత మా వీధి గుడిలో పూలమొక్కలు చూసే పెద్దాయన చెప్పిన మాట ఒక్కటే: "కోసిన కొమ్మని మర్చిపోవాలి బాబూ." ఆయన చెప్పినట్టే ఫిబ్రవరిలో, కొత్త చిగురు రాకముందు, బూడిదరంగుకు తిరిగిన ముదురు కొమ్మను అడుగున్నర పొడవున కోశాను. వసారాలో నీడన గోడకు ఆనించి పది రోజులు వదిలేశాను. పాలు గడ్డకట్టి, కోసిన చోట గట్టి పొర కట్టింది. ఆ పొరే అసలు రహస్యం. అది కట్టకముందే తడి తగిలితే కుళ్ళు లోపలికి దారి చూసుకుంటుంది.

మట్టి విషయంలో ఉదారంగా ఉండకండి. సగం ముతక ఇసుక, సగం ఎర్రమట్టి చాలు. ఎరువు తరువాత చూసుకోవచ్చు. నాలుగు అంగుళాల లోతున పెట్టి, గాలికి కదలకుండా కర్రకు కట్టండి. నాటిన రోజు కొద్దిగా తడిపి, ఆపైన మట్టి పూర్తిగా ఎండితే తప్ప నీళ్ళ జోలికి పోవద్దు. ఇక్కడే చాలామంది మోసపోతారు: నెలలోపే చివర చిగురు కనబడుతుంది, ఒక్కోసారి పూలు కూడా పూస్తాయి. అదంతా కొమ్మలో దాచుకున్న సత్తువ, వేరు వచ్చిందన్న గుర్తు కాదు. నేను సంబరపడి కొమ్మను కాస్త లాగి చూశాను, అప్పుడే పుట్టిన రెండు తెల్లని వేళ్ళు పుటుక్కున తెగాయి. ఆకులు అరచెయ్యంత అయ్యేదాకా ముట్టుకోకండి. ఆ తరువాతే నీళ్ళు పెంచండి.

గింజతో కూడా మొలుస్తుంది. జంట కొమ్ముల్లాంటి కాయలో రెక్కల గింజలుంటాయి. కానీ పూయడానికి మూడేళ్ళో ఇంకా ఎక్కువో పడుతుంది, తల్లి రంగే వస్తుందన్న భరోసా లేదు. మీ చెట్టు పూవే కావాలంటే కొమ్మే దారి.

ముదురెరుపు రకం కావాలని కడియం వైపు వెళ్ళి అంటుమొక్క కొంటే, అంటు కట్టిన చోటును గుర్తుపెట్టుకోండి. నేను అలా ఒకటి కొని, అంటు కింద నుంచి వచ్చిన కొమ్మలను ముచ్చటపడి పెంచాను. రెండో ఏడు అన్నీ తెల్లపూలే. ఎర్రది ఆ నీడలోనే ఎండిపోయింది. నర్సరీవాళ్ళను తిట్టుకున్నాను గానీ, తప్పు నాదే.

వానాకాలంలో ఆకుల అడుగున నారింజరంగు పొడి కనిపిస్తే అది తుప్పు తెగులు. ఆ ఆకులు ఏరి దూరంగా పారేయండి, చెట్టు కింద రాలనివ్వకండి. మీరు పంపిన ఫోటోలో కుడివైపు గోడ మీదికి వాలిన కొమ్మ కోతకు సరిగ్గా సరిపోతుంది, కొత్త చిగురు రాకముందే కోసేయండి.