బరువు తగ్గుతున్నప్పుడు “నా వల్ల కాదేమో” అనిపిస్తే

ఎనిమిది నెలల్లో ఆరు కిలోలు తగ్గాననీ, ఈ మధ్య అందులో రెండు కిలోలు తిరిగి వచ్చాయనీ, అప్పటి నుంచి పొద్దున్నే వెయింగ్ మిషన్ ఎక్కాలంటేనే భయమేస్తోందనీ, “నాలోనే ఏదో లోపం ఉంది, నా వల్ల కాదేమో” అన్న ఆలోచనను ఎలా పోగొట్టుకోవాలనీ మీరు అడిగారు. నాకైతే అది పోలేదు. 2019 జూన్‌లో 84 కిలోలున్న నేను మూడేళ్ళకు 70కి వచ్చాను, ఇప్పటికీ ఒక కిలో అటూ ఇటూగా అక్కడే ఉన్నాను. ఆ మూడేళ్ళూ ఈ అనుమానం నాతోనే ఉంది. కాకపోతే మొదట్లో నన్ను నేను అనుమానించుకునేదాన్ని, తరువాత తరువాత నా పద్ధతిని అనుమానించడం అలవాటు చేసుకున్నాను. మీకు ఉపయోగపడేది ఏదైనా ఉంటే అది ఈ మార్పులోనే ఉందని నా నమ్మకం.

నేను తెనాలి దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. నా ఎత్తు 157 సెంటీమీటర్లు కాబట్టి ఇప్పటి బరువుకు కూడా బీఎంఐ, అంటే ఎత్తునుబట్టి బరువు ఎక్కువా తక్కువా అని చూసే అంకె, 28 దాటే ఉంటుంది. భారతీయులకు 25 దాటితే స్థూలకాయం కిందే లెక్క కనుక, సన్నబడిన మనిషిగా నేను ఈ జవాబు రాయడం లేదని ముందే చెప్పుకుంటున్నాను.

అనుమానం ఎక్కడ పుట్టిందో వెనక్కి తిరిగి చూసుకుంటే నాకు 2018 గుర్తుకొస్తుంది. అన్నం, చపాతీ పూర్తిగా మానేసి కొబ్బరినూనె, నిమ్మరసం తాగుతూ బరువు తగ్గే పద్ధతి మన రెండు రాష్ట్రాల్లోనూ ఊరూరా పాకిన రోజులవి. మా స్టాఫ్ రూములో ఆరుగురం ఒకే రోజు మొదలుపెట్టాము. పదకొండు రోజుల్లో నాలుగున్నర కిలోలు తగ్గేసరికి నా కాలు నేల మీద నిలవలేదు. పన్నెండో రోజున మేనకోడలి పెళ్ళిలో ముద్దపప్పు, ఆవకాయ, పూర్ణాలతో కడుపునిండా భోజనం చేశాను. మూడు రోజులు తిరగకుండానే మిషన్ మూడు కిలోలు ఎక్కువ చూపించింది. మిగిలిన ఐదుగురిలో ఇద్దరు మరో రెండు నెలలు కొనసాగించారు. వాళ్ళకు పట్టుదల ఉంది, నాకు లేదు అని అప్పుడు నాకు నేనే తీర్పు రాసిచ్చుకున్నాను. ఆ తీర్పును ఏడాదిపాటు మోశాను.

ఆ తీర్పుకు ఆధారమే తప్పని చాలా ఆలస్యంగా తెలిసింది. కాలేయమూ కండరాలూ పిండిపదార్థాన్ని గ్లైకోజెన్ రూపంలో నిలవ చేసుకుంటాయి. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు కూడా అక్కడ చేరి ఉంటుంది. అన్నం మానేసిన మొదటి వారంలో ఆ నిలవ ఖర్చైపోయి నీరు బయటికి వెళ్ళిపోతుంది, మళ్ళీ అన్నం తినగానే ఆ నీరంతా తిరిగి చేరుతుంది, పైగా ఆవకాయలోని ఉప్పు మరికొంత నీటిని పట్టి ఉంచుతుంది. అంటే తగ్గినప్పుడు నేను పొంగిపోయిందీ, పెరిగినప్పుడు సిగ్గుతో చచ్చిపోయిందీ చాలా వరకు మంచినీళ్ళ గురించే. ఇది తెలిసిన రోజున నాకు నవ్వు రాలేదు, కోపం వచ్చింది.

2019 వేసవి చివర మూడు నెలల సగటు షుగరు చూసే పరీక్షలో 6.2 వచ్చింది. మధుమేహానికి ముందు దశ అన్నారు. డాక్టరుగారు ఇరవై కిలోలు తగ్గమనలేదు, ముందు ఆరు కిలోలు తగ్గి చూడమన్నారు. ఆ ఆరు ఎక్కడి నుంచి వచ్చిందో తరువాత చదివి తెలుసుకున్నాను. అమెరికాలో మూడు వేల మందికి పైగా పాల్గొన్న ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి; అందులో శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టుకున్న వారికి మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గిందని తేలింది. 84లో 7 శాతమంటే 5.88 కిలోలు. లెక్కల టీచరుకు ఇలాంటి అంకె దొరికితే కొంత ధైర్యం వస్తుంది. పెళ్ళినాటి నడుము తిరిగి రావాలన్న కోరికతో బయలుదేరితే అనుమానం ప్రతి అడుగులోనూ అడ్డు తగులుతుంది గానీ, 5.88 కిలోల విషయంలో అది అంతగా వాదించలేకపోయింది.

ఇక మీరు భయపడుతున్న మిషన్ సంగతి. దీని గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నా అనుమానంలో సగం దాని మీది అంకెల నుంచే పుట్టింది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వారానికి అర కిలో చొప్పున తగ్గడం సురక్షితమని చెబుతుంది. ఆ వేగంతో అన్నీ సక్రమంగా చేసినా రోజుకు తగ్గేది 500ను 7తో భాగిస్తే వచ్చే 71 గ్రాములు. మా ఇంట్లో మిషన్ 100 గ్రాములకు తక్కువ తేడాను అసలు చూపించదు. మరోవైపు రాత్రి తిన్న ఉప్పు, తాగిన నీళ్ళు, మలబద్ధకం, ఆడవాళ్ళకు నెలసరి ముందు ఒంట్లో నిలిచే నీరు, ఇవన్నీ కలిసి ఒక్క రోజులోనే కిలోకు పైగా పైకీ కిందికీ జరపగలవు. కిలో ఊగే ముల్లుతో 71 గ్రాములను కొలవాలని చూస్తూ, కనబడలేదు కాబట్టి నేను పనికిరానిదాన్ని అనుకోవడం ఎంత అసంబద్ధమో, నా తొమ్మిదో తరగతి పిల్లలకు చెబితే వాళ్ళే నవ్వుతారు. అప్పటి నుంచి రోజూ చూసిన అంకెను పాత హాజరు పుస్తకంలో రాసి, దాని గురించి ఏమీ అనుకోకుండా పుస్తకం మూసేసి, శనివారం నాడు మాత్రమే ఏడింటికీ సగటు కట్టి, ఆ సగటును నాలుగు వారాల కిందటి సగటుతో పోల్చేదాన్ని. అంకె చూసిన రోజల్లా మీకు మనసు పాడై భోజనం మానేయాలనిపిస్తుంటే మాత్రం ఈ పద్ధతి మీకు సరిపడదు. మిషన్‌ను మంచం కిందికి తోసేసి నెలకొకసారి నడుము కొలుచుకోండి.

2020 సంక్రాంతి నాకు పెద్ద పరీక్ష అయింది. భోగి నాటికి 79.4 ఉన్నాను, కనుమ మర్నాడు 81.5 వచ్చింది. అరిసెలు, చక్రాలు, కనుమనాడు గారెలూ కోడికూరా, దేన్నీ వదల్లేదు, దాచను. పాత అలవాటు ప్రకారమైతే ఆ ఉదయమే అంతా వదిలేసేదాన్ని. మునిగినవాడికి చలేమిటి అన్న సామెత మనకు ఊరికే రాలేదు. ఒక్కసారి నియమం తప్పగానే ఎలాగూ చెడిపోయింది కదా అని మిగిలిన డబ్బా కూడా ఖాళీ చేయడం మనుషుల్లో ఎంత మామూలో మనస్తత్వ శాస్త్రజ్ఞులు కూడా గమనించి రాశారు. ఆ ఉదయం నేను నోటు పుస్తకం తీసి లెక్క వేశాను. ఒక కిలో కొవ్వు చేరాలంటే సుమారు 7,700 కేలరీలు అదనంగా తినాలి, రెండు కిలోలకు 15,400. మూడు రోజుల్లో మామూలు భోజనానికి పైన అంత తినడం నా తరం కాదు, అరిసెల డబ్బా మొత్తం నా ఒక్కదానికే ఇచ్చినా కాదు. కాబట్టి ఇందులో అధిక భాగం నీరే అయి ఉండాలని రాసుకుని ఆ సాయంత్రం నడకకు వెళ్ళాను. పది రోజులకు 79.8 వచ్చింది. నిజంగా పెరిగింది ఆ కాస్తే.

లెక్కలో ఒక మెట్టు తప్పినంత మాత్రాన పిల్లవాడికి సున్నా వేయకుండా, సరిగ్గా చేసిన మెట్లకు మార్కులిచ్చే నేను, నా పేపరు దగ్గరికి వచ్చేసరికి ఒక్క గీతతో మొత్తం కొట్టేస్తున్నానని అప్పుడే గ్రహించాను.

ఇంకొక సంగతి నన్ను బాగా కుంగదీసేది. నాలుగో నెల నుంచి నాకు ఎప్పుడూ తిండి ఆలోచనలే. ఆరో తరగతి పిల్లలకు భిన్నాలు చెబుతూ మధ్యలో పెసరట్టు ఉప్మా గుర్తుకొచ్చి ఆగిపోయిన రోజులున్నాయి. నాకు నాలుక మీద అదుపు లేదు, నాది తిండిపోతు బుద్ధి అనుకునేదాన్ని. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆరోగ్యవంతులైన 36 మంది యువకులకు ఆరు నెలల పాటు తిండి తగ్గించి పరిశీలించారు. అంతకు ముందు వంట మీద ఆసక్తి లేనివాళ్ళు కూడా వంటల పుస్తకాలు పోగుచేసుకోవడం, తిండి గురించే మాట్లాడుకోవడం, దిగులుగా ఉండటం మొదలుపెట్టారట. వాళ్ళకు పెట్టిన కరువు నా డైటుతో పోల్చదగినది కాదు, అయినా అది చదివాక నాకు ఊరట కలిగింది. తిండి తగ్గితే మెదడు తిండినే తలుచుకుంటుంది, అందులో నా గుణం ప్రసక్తి ఏమీ లేదు. ఆ వారమే రాత్రి భోజనం మరీ తక్కువ చేసుకున్నానని గుర్తించి, ఒక కప్పు పెరుగూ, గుప్పెడు ఉడికించిన శనగలూ కలిపాను. పెసరట్టు తలపులు సగానికి తగ్గాయి.

పద్ధతిని అనుమానించడం అంటే ఏమిటో దీనితో కొంత అర్థమై ఉంటుంది. మరో ఉదాహరణ చెబుతాను. తెల్లవారుజామున ఐదింటికి లేచి నడవాలని మూడు వారాలు ప్రయత్నించి ఐదు రోజులే నడిచాను. బద్ధకస్తురాలిని అని రాసుకోబోయి, ఆ పొద్దున్నపూట ఇంట్లో నిజంగా ఏం జరుగుతోందో రాశాను: ముగ్గురికి క్యారేజీలు, అత్తయ్యకు కాఫీ, ఏడున్నర బస్సు. ఆ మూడింటి మధ్యలో నడక ఇమడదు, ఎవరికీ ఇమడదు. అందుకని బడి అయ్యాక రెండు స్టాపుల ముందే బస్సు దిగి కాలువ కట్ట వెంట ఇంటికి నడవడం మొదలుపెడితే, నెలలో ఇరవై రోజులు నడవగలిగాను. మనిషిని నేనే, బద్ధకం కూడా అంతే. నూనె విషయంలోనూ ఇలాగే చేశాను. మా నలుగురికి నెలకు నాలుగు లీటర్లు అయ్యేది, అంటే తలకు రోజుకు 33 మిల్లీలీటర్లు. డబ్బాలోంచి నేరుగా మూకుట్లోకి వంపడం మానేసి చెంచాతో కొలిచి పోయడంతో రెండున్నర లీటర్లకు దిగింది. తలకు రోజుకు దాదాపు వంద కేలరీలు తగ్గాయి, కూర రుచి మారిందని ఎవరూ అనలేదు. ఇందులో నా మనోబలం ఏమైనా ఉందంటే, చెంచా కొనుక్కోవడం వరకే.

2021లో 75 దగ్గర నాలుగు నెలలు ఆగిపోయాను. బరువు తగ్గిన కొద్దీ శరీరానికి కావలసిన శక్తి కూడా తగ్గుతుంది కనుక, 84 కిలోల మనిషిని తగ్గించిన భోజనమే 75 కిలోల మనిషిని ఉన్నచోటే నిలబెడుతుంది. కారణం తెలిసినా మనసు కుదుటపడలేదు. ఆ రోజుల్లోనే దసరాకు జాకెట్లు కుట్టించుకోవడానికి వెళితే మా టైలరమ్మ పాత కొలతలే రాయబోయి, దేనికైనా మంచిదని టేపు వేసి చూసింది. నడుము దగ్గర రెండంగుళాలు తక్కువ వచ్చింది. పాత కొలతలు రాసింది ఆ ఏడాది ఉగాదికి, అంటే ఆ రెండంగుళాల్లో కొంతైనా నేను ఆగిపోయాననుకున్న నెలల్లో పోయిందే. ఆ పుస్తకంలోని పేజీని ఫోనుతో ఫొటో తీసుకున్నాను. అనుమానం మరీ ఎక్కువైన రోజున ఇప్పటికీ ఆ ఫొటో తీసి చూస్తాను.

చుట్టాల మాటల గురించి మీరు అడగలేదు గానీ, ఒక్క మాట. తగ్గితే “షుగరేమైనా వచ్చిందా, మొహం పీక్కుపోయింది” అంటారు, పెరిగితే “ఏదో డైటన్నావు?” అంటారు. మొదట్లో జవాబులు చెప్పేదాన్ని, తరువాత మానేశాను. అత్తయ్య మాత్రం ఏమీ అడగకుండా నా కంచంలో నెయ్యి వేయడం ఆపేసింది. ఆవిడకు నేను ఎంత రుణపడి ఉన్నానో ఆవిడకు తెలియదు.

మీ రెండు కిలోల విషయానికి వస్తే, అవి ఎన్ని రోజుల్లో వచ్చాయో ముందు చూడండి. వారంలో వస్తే ఎక్కువ భాగం నీరే అయి ఉంటుంది. రెండు మూడు నెలల్లో నెమ్మదిగా వచ్చి ఉంటే ఆ నెలల్లో నిద్ర, నడక, బయటి తిండి, మందులు వీటిలో ఏది మారిందో రాసుకోండి. ఏ మార్పూ కనబడకపోతే ఒకసారి థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. స్టెరాయిడ్లు, మానసిక సమస్యలకు వాడే కొన్ని మందులు, ఇన్సులిన్ వంటివి కూడా బరువు పెంచుతాయి, అలాగని డాక్టరును అడగకుండా వాటిని ఆపకండి. తిన్నది వాంతి చేసుకోవాలనిపించినా, రెండు వారాలకు మించి దేని మీదా ఆసక్తి లేకుండా దిగులుగా ఉన్నా, అది డైటు సమస్య కాదు. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇది రాయబోయే ముందు నా పుస్తకం తెరిచి చూశాను. పోయిన నెల సగటు 70.1, ఈ వారం 70.9. గుండె కలుక్కుమంది, ఇన్నేళ్ళయినా. పక్క గడిలో చూస్తే స్పాట్ వాల్యుయేషన్ డ్యూటీ పడినందున తొమ్మిది రోజులు నడక లేదు, మధ్యాహ్నం భోజనమంతా హోటల్లోనే. ఆ డ్యూటీ ఇంకో నాలుగు రోజులుంది కాబట్టి రేపటి నుంచి క్యారేజీ కట్టుకుని వెళుతున్నాను.