టెక్ సందేహాలు: ‘ఎర్రర్ రావట్లేదన్నా’

ప్రశ్న: మా టీమ్ కోసం పైథాన్‌లో చిన్న ఎర్రర్ రిపోర్టింగ్ లైబ్రరీ (యాప్‌లో వచ్చే తప్పులను మాకు పంపే కోడ్) రాశాను. ప్రతి ఫంక్షన్‌కీ డాక్‌స్ట్రింగ్ (కోడ్‌లోనే రాసే వివరణ) ఉంది, వాటితో వెబ్ పేజీలు కూడా తయారుచేశాను. అయినా రోజూ ఎవరో ఒకరు ‘ఎర్రర్ రావట్లేదన్నా’ అంటూ నా సీటు దగ్గరికొస్తున్నారు. ఇంకేం రాయాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పీడీఎఫ్ తయారుచేసే లైబ్రరీ పనిచేస్తే ఫైలు కనిపిస్తుంది. మీ లైబ్రరీకి ఆ సౌకర్యం లేదు. యాప్‌లో తప్పులేవీ జరగకపోయినా స్క్రీన్ ఖాళీ, లైబ్రరీని సరిగా కలపకపోయినా స్క్రీన్ ఖాళీ. ఏది ఏ ఖాళీయో తేల్చుకునే దారి మొదటి పేజీలోనే ఉండాలి.

అందుకే ఇన్‌స్టాల్ చేయడం, రిపోర్టులు వెళ్లాల్సిన సర్వర్ అడ్రస్ ఇవ్వడం అయ్యాక మూడో మెట్టుగా కావాలనే ఒక తప్పు చేయించండి. 1ని 0తో భాగించే లైన్ చాలు. మీ దాని లాంటి పనే చేసే, చాలామంది వాడే సెంట్రీ డాక్యుమెంటేషన్‌లో చేసేది ఇదే. ఆ ఎర్రర్ ఏ స్క్రీన్‌లో కనబడాలో బొమ్మ పెట్టి, కనబడకపోతే ఏం చూసుకోవాలో దాని కిందే రాయండి. సెంట్రీకి సర్వర్ అడ్రస్, అంటే డీఎస్‌ఎన్, ఇవ్వకపోతే నిమ్మకు నీరెత్తినట్టు ఊరుకుంటుంది. డెవలపర్ ల్యాప్‌టాప్‌లో అది హాయే కానీ ప్రొడక్షన్‌లో, అంటే కస్టమర్లు వాడే అసలు సర్వర్‌లో, ఆ సెట్టింగ్ మరిచిపోతే కొంప మునుగుతుంది. లోపల ఏం జరుగుతోందో చూడటానికి అందులో డీబగ్ ఆప్షన్ ఉంది. మీ దాంట్లో లేకపోతే ముందు అది పెట్టండి, రాయడం తర్వాత.

తర్వాతి పేజీ ‘మా లైబ్రరీకి అందనివి’. చాలామంది ఈ పేజీ రాయడానికి మొహమాటపడతారు. మీ సీటు దగ్గరికొచ్చేవాళ్లలో సగం మందికి జవాబు ఇక్కడే దొరుకుతుందని నా అనుమానం. ట్రై-ఎక్సెప్ట్‌లో (తప్పును పట్టుకునే పైథాన్ కోడ్) పట్టేసి పాస్, అంటే ఏమీ చేయకు, అని వదిలేసిన తప్పు లైబ్రరీ దాకా రాదు, దాన్ని విడిగా పంపాలి. రిపోర్టులు బ్యాక్‌గ్రౌండ్ థ్రెడ్‌లో వెళ్తుంటే, రెండు క్షణాల్లో ముగిసే క్రాన్ స్క్రిప్ట్ (పెట్టిన టైముకు దానంతటదే నడిచేది) వాటిని పంపకముందే ఆగిపోవచ్చు. సెంట్రీ పైథాన్ లైబ్రరీ అయితే ముగింపులో మామూలుగా 2 సెకన్ల దాకా ఆగి చూస్తుంది. మీది ఎంతసేపు ఆగుతుందో అంకెతో చెప్పండి. ప్రాసెస్‌ను కిల్ మైనస్ 9 అనే కమాండ్‌తో ఉన్నపళంగా చంపేస్తే ఏదీ వెళ్లదని కూడా.

ఎర్రర్‌తో పాటు ఆ ఫంక్షన్‌లోని లోకల్ వేరియబుల్స్ విలువలు వెళ్తుంటే వాటిలో కస్టమర్ ఫోన్ నంబర్ ఉండొచ్చు. పంపే రిపోర్టు నమూనా ఒకటి పూర్తిగా చూపించండి, ఏం వెళ్తోందో చదివేవాళ్లకే తెలుస్తుంది. సెంట్రీలో రిపోర్టు పంపేముందు దాన్ని వడకట్టే ఫంక్షన్ రాసుకోవచ్చు. అందులో చివర రిటర్న్ మరిచిపోతే పైథాన్ ‘నన్’ (None, అంటే ఏమీ లేదు) ఇస్తుంది, దాంతో రిపోర్టులన్నీ చడీచప్పుడు లేకుండా చెత్తబుట్టలోకి! మీ దగ్గరా అలాంటి ఫంక్షన్ ఉంటే ఈ హెచ్చరిక ఉదాహరణ పక్కనే ఉండాలి, ఎక్కడో చివర కాదు.

ఒక లైబ్రరీ పేజీలోని పాత ఉదాహరణ కాపీ చేసి నేనొక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. అందులోని ఫంక్షన్ పేరు ఎప్పుడో మారిపోయింది. ఉదాహరణలను పైథాన్‌తో పాటే వచ్చే డాక్‌టెస్ట్‌తో ప్రతి రిలీజ్‌కీ నడిపి చూడండి.

డాక్‌స్ట్రింగ్‌లు ఉండనివ్వండి, కానీ అవి ఫంక్షన్ పేరు ముందే తెలిసినవాళ్లకు. తెలియనివాళ్లు వెతికేది ‘ఎర్రర్ రావట్లేదు’ అనే. ఆ పేజీకి శీర్షికగా ఆ మాటే పెట్టండి.