ఇల్లు చూస్తామన్న ప్రతివాళ్ళనీ లోపలికి రానివ్వాలా?

శ్రీకాకుళంలో అమ్మానాన్నలు ఉంటున్న ఇల్లు అమ్మకానికి పెట్టామని, రోజూ ఎవరో ఒకరు చూస్తామంటూ ఫోన్ చేస్తున్నారని, అందరికీ చూపించాలా వద్దా అని అడిగారు. వద్దు. విజయనగరంలో మా ఇల్లు అమ్మినప్పుడు మొదట్లో అడిగినవాళ్ళందరికీ చూపించాం కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది కోటకి నడిచి వెళ్ళేంత దూరంలో ఇల్లు. 160 గజాల స్థలం, కింద రెండు గదులు, మేడ మీద ఒకటి, పెరట్లో బావి. దక్షిణం ఫేసింగ్. నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఉండేది. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేకపోతోందని, విశాఖపట్నంలో నా దగ్గరికి తెచ్చేసుకుందామని అమ్మకానికి పెట్టాం. బ్రోకరుకి అమ్మ నంబరు ఇచ్చాను. ఆ తప్పు నాదే.

ఆ ఏడాది పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజు. దసరా తర్వాత వచ్చే మంగళవారం ఊరంతా చుట్టాలే ఉంటారు కదా. సిరిమాను, అంటే పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, మధ్యాహ్నం దాటాక గాని కదలదు. పొద్దున్నే పల్లెల నుంచి వచ్చినవాళ్ళకి అప్పటిదాకా ఏం తోచదు. పదకొండింటికి బ్రోకరు అమ్మకి ఫోన్ చేశాడు. "అమ్మగారూ, మంచి పార్టీ, క్యాష్ రెడీగా ఉంది. రెండు నిమిషాల్లో చూసుకుని వెళ్ళిపోతారు" అన్నాడు. నాకు సెలవు దొరకలేదు. సాయంత్రానికి గాని రాలేనని అమ్మకి ముందే చెప్పాను.

అయిదు బైకుల మీద పన్నెండు మంది దిగారు. ఆడవాళ్ళు, పిల్లలు, వాళ్ళ వెంట ఒక వాస్తు చెప్పే ఆయన. ఒకాయన చెప్పులతోనే దేవుడి గది గుమ్మం దాకా వెళ్ళాడు. ఒకామె బీరువా తలుపు లాగి చూసింది. బీరువా ఇంటితోపాటు అమ్ముతామని ఎవరు చెప్పారు? ఇంకొకతను తాళంచెవితో గోడ గీకి, పెచ్చు రాలితే "పాత సిమెంటండీ, పడగొట్టాల్సిందే. స్థలం రేటు కట్టుకోవడమే" అన్నాడు. అమ్మ పక్కనే ఉంది. ఆ గోడ మీదే మా తమ్ముడి ఎత్తూ, నా ఎత్తూ నాన్న పెన్సిల్‌తో గీసిన గీతలున్నాయి. వాస్తు ఆయన దక్షిణం వాకిలి చూసి తల అడ్డంగా ఊపాడు. ఆ మాట ఫోన్లోనే చెప్పి ఉంటే వాళ్ళు వచ్చేవాళ్ళే కాదు.

మంచినీళ్ళు అడిగారు. పండగపూట వట్టి నీళ్ళెలా ఇస్తానని అమ్మ పన్నెండు మందికీ కాఫీ పెట్టింది. వెళ్తూ వెళ్తూ "బళ్ళు ఇక్కడే ఉంచుతామండీ, సిరిమాను చూసి వచ్చి తీసుకెళ్తాం" అన్నారు. కాదనడం అమ్మకి చేతకాదు. గేటుకి తాళం వేయడానికి లేదు, ఇల్లు వదిలి కదలడానికి లేదు. పెళ్ళై ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి అమ్మ ఏటా ఒకే కొట్టు అరుగు మీద నిలబడి సిరిమాను చూసేది. ఆ ఏడు చూడలేదు. ఆ ఇంట్లో అదే ఆఖరి సిరిమాను అని మా ఇద్దరికీ తెలుసు. నేను రాత్రి ఎనిమిదింటికి వెళ్ళేసరికి బళ్ళు లేవు. సిరిమాను మీదకి విసరడానికి తెచ్చుకున్న అరటిపళ్ళు గుమ్మం పక్కన సంచిలో అలాగే ఉన్నాయి. ఆ పార్టీ మళ్ళీ ఫోన్ చేయలేదు.

ఆ రాత్రే బ్రోకరుకి చెప్పేశాను, ఇకమీదట ఎవరైనా ముందు నాతో మాట్లాడాలని. ఫోన్లో నేనే మొదట దక్షిణం ఫేసింగ్ అని చెప్పేదాన్ని. సగం మంది అక్కడే ఆగిపోయేవారు, ఇద్దరికీ టైం మిగిలేది. తర్వాత లోనా, సొంత డబ్బా అని అడిగేదాన్ని. ఇది అడగడానికి మొహమాటపడకండి. 60 లక్షల ఇల్లనుకోండి, ఆ స్థాయి లోనుకి బ్యాంకు 80 శాతం మించి ఇవ్వదు. అంటే 12 లక్షలు వాళ్ళ చేతిలో ఉండాలి. పైగా రిజిస్ట్రేషన్‌కి స్టాంపు డ్యూటీ, మిగతా ఫీజులు కలిపి 7.5 శాతం, అంటే ఇంకో నాలుగున్నర లక్షలు. ఈ పదహారున్నర లక్షల సంగతి అడిగితే, నిజంగా కొనేవాళ్ళు "ఫలానా స్థలం అమ్మాం, ఆ డబ్బుంది" అని టక్కున చెబుతారు. ఊరికే చూసేవాళ్ళు "ముందు ఇల్లు నచ్చనివ్వండి" అంటారు.

"కాగితం మీద తక్కువ చూపించి మిగతాది క్యాష్ ఇస్తాం" అని మొదలుపెట్టేవాళ్ళకి అసలు గేటే తీయకండి. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే, తీసుకున్నంతా పెనాల్టీగా కట్టాల్సి రావచ్చు. అది పడేది వాళ్ళ మీద కాదు, అమ్మిన మన మీద. కాగితాలు అడిగితే డాక్యుమెంటు నంబరు, సంవత్సరం చెప్పండి చాలు, ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపించే కాగితం, వాళ్ళే తీసుకోగలరు. మొత్తం దస్తావేజు ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపకండి. మా గదుల ఫొటోలు నేనెప్పుడూ చూడని గ్రూపుల్లో తిరిగాయి.

ఇంకోటి కూడా చెప్పాలి. మా చుట్టాల్లో చాలామంది "మనవాళ్ళకే చూపించు" అన్నారు. మనవాళ్ళంటే కులం అని వేరే చెప్పక్కర్లేదు. నాకు ఆ మాట వింటేనే ఒళ్ళు మండేది. చెప్పుల కాళ్ళతో దేవుడి గది దాకా వెళ్ళినవాళ్ళు మనవాళ్ళే. చివరికి కొన్నది పాలకొండ వైపు నుంచి వచ్చిన ఒక టీచరుగారు. ఆయన కులమేంటో మేం అడగలేదు. ఫోన్ చేసి మొదట అడిగిన మాట "అమ్మగారు మధ్యాహ్నం పడుకుంటారా? ఏ టైంకి రమ్మంటారు?" అని. భార్యాభర్తలిద్దరే వచ్చారు. ఆవిడ బావిలోకి తొంగిచూసి ఎండాకాలంలో నీళ్ళుంటాయా అని అడిగింది. అమ్మ ఆవిడతో అరగంట మాట్లాడింది. రేటు దగ్గర ఆయన గట్టిగానే బేరమాడారు, మేం లక్షన్నర తగ్గాం. మూఢం వెళ్ళాక బయానా ఇచ్చారు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఇద్దరూ ఉంటున్నారు కాబట్టి ఈరోజే ఆ బ్రోకరు దగ్గర వాళ్ళ నంబరు తీసేయించి మీది ఇవ్వండి. చూపించేది వారానికి ఒకపూట, ఆదివారం పొద్దున పెట్టుకోండి. ఆ పూట మీరు ఉండండి, మీకు కుదరకపోతే మీ తరఫున ఇంకెవరైనా ఉండాలి. ఒకసారికి నలుగురికి మించి లోపలికి రానివ్వకండి. కాఫీ మాత్రం మీ అమ్మగారి చేత పెట్టించకండి.