జీడిపప్పు యూనిట్‌కి ఊరి డబ్బు: విరాళమా, అప్పా, వాటానా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా మందస మండలం. పద్నాలుగు మంది ఆడవాళ్లం సొసైటీ రిజిస్టర్ చేయించుకుని జీడిపప్పు యూనిట్ నడుపుతున్నాం. సీజన్‌లో పిక్కలు కొని నిల్వ పెట్టుకోవడానికి డబ్బు చాలడం లేదు. ఊళ్లోవాళ్లు, గల్ఫ్‌లోనూ అమెరికాలోనూ ఉన్న మా ఊరివాళ్లు, ‘మంచి పని చేస్తున్నారు, లాభం అక్కర్లేదు, నూటికి అర్ధరూపాయి వడ్డీతో అసలు తిరిగిస్తే చాలు’ అంటున్నారు. కొందరు ఇచ్చేశారు కూడా. తెల్లకాగితం మీద రాసిచ్చాం. ఇప్పుడు వాట్సాప్‌లో అందరికీ మెసేజ్ పెడదామనుకుంటున్నాం. ఇబ్బంది ఉంటుందా? సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ మాలాంటి వాళ్లకి పనికొస్తుందా?

జవాబు: అమ్మా, ముందు ఆ మెసేజ్ ఆపండి. మిగతా సంగతులు ఒక్కొక్కటే చెబుతాను.

వడ్డీతోనో, వడ్డీ లేకుండానో తిరిగిస్తామని పదిమంది దగ్గర డబ్బు తీసుకుంటే, కాగితం మీద ఏ పేరు రాసుకున్నా చట్టం దాన్ని డిపాజిట్‌గానే చూస్తుంది. అనుమతి లేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ 2019లో కేంద్రం చట్టం చేసింది. మీ ఉద్దేశం మంచిదా కాదా అని అది అడగదు. డబ్బు కట్టమని జనాన్ని పిలిస్తేనే ఏడాది నుంచి 5 ఏళ్ల జైలు, 2 లక్షల నుంచి 10 లక్షల జరిమానా. తీసుకుంటే 2 నుంచి 7 ఏళ్లు. తెలిసిన ఇద్దరు ముగ్గురి దగ్గర ఎప్పుడో ఒకసారి చేబదులు తీసుకోవడం వేరు, ఊరంతటికీ పిలుపు ఇవ్వడం వేరు. డ్వాక్రా సంఘంలో సభ్యులు తమలో తాము కట్టుకునే పొదుపుకి, ప్రభుత్వం పెట్టిన పరిమితి లోపల, మినహాయింపు ఉంది. బయటివాళ్ల డబ్బుకి అది వర్తించదు. అగ్రిగోల్డ్ డిపాజిట్ల వ్యవహారం చూశాక ఈ విషయంలో ఎవరూ మెతగ్గా ఉండరు, ఉండకూడదు కూడా. ఆ డబ్బు కూడా మనలాంటి ఇళ్లలోంచి వెళ్లిందే.

ఇప్పటికే తీసుకున్నదాని సంగతి. ఎవరు ఎంత, ఏ తేదీన, చేతికిచ్చారా బ్యాంకులో వేశారా అన్నది పుస్తకంలో రాసి, అందరి చేతా సంతకాలు చేయించండి. తిరిగి ఇచ్చేస్తే మంచిది. అయితే 20 వేలు, అంతకు మించిన మొత్తాలను నగదుగా తీసుకోవడానికీ, తిరిగి ఇవ్వడానికీ ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. తప్పితే అంతే మొత్తం జరిమానా పడొచ్చు. కాబట్టి చెక్కు ద్వారానో, బ్యాంకు ట్రాన్స్‌ఫర్ ద్వారానో ఇవ్వండి. ‘వద్దమ్మా, ఉంచుకోండి’ అని ఎవరైనా అంటే, తిరిగి అడగనని వాళ్ల చేత రాయించుకుని విరాళం రసీదు ఇవ్వండి. కానీ విరాళం అన్నాక వడ్డీ మాట, అసలు మాట రెండూ ఉండకూడదు. నా దగ్గరికి వచ్చే గొడవల్లో ఎక్కువ ఇక్కడే మొదలవుతాయి: ఇచ్చినవాళ్లు అప్పు అనుకుంటారు, తీసుకున్నవాళ్లు సాయం అనుకుంటారు.

విరాళమైనా సరే, ఇచ్చినవారి పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. గల్ఫ్‌లో ఉన్నా భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇస్తే, మన ఊరిలో పుట్టినవాళ్లయినా, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ, ముందస్తు అనుమతి గానీ లేకుండా రూపాయి కూడా తీసుకోకూడదు.

ఇక అసలు సమస్య మీ సొసైటీ. సహకార సంఘం కాని మామూలు సొసైటీకి వచ్చిన లాభాన్ని సభ్యులు పంచుకోవడం కుదరదు, అందులో వాటాలు ఉండవు. మీరు పిక్కలు ఉడకబెట్టి, పప్పు తీసి, పొట్టు ఒలిచి, గ్రేడు చేసి అమ్ముతున్నారు. అది వ్యాపారం. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కంపెనీల చట్టం కింద ప్రొడ్యూసర్ కంపెనీ, అంటే ఉత్పత్తిదారులే యజమానులుగా ఉండే కంపెనీ, పెట్టుకోండి. పదిమంది ఉత్పత్తిదారులుంటే చాలు, మీరు పద్నాలుగు మంది ఉన్నారు. పిక్కలు పండించే రైతుల్ని కూడా కలుపుకోవచ్చు. ఎన్ని వాటాలున్నా ఒక్కొక్కరికీ ఒకే ఓటు, కాబట్టి డబ్బున్నవాళ్ల పెత్తనం రాదు. అయితే ఉత్పత్తిదారులు కానివాళ్లు అందులో వాటాదారులు కాలేరు. అమెరికా వాళ్లు వాటానే కావాలంటే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టాలి. అప్పుడు కూడా పేర్లు ముందే ఖాయం చేసుకుని, ఏడాదిలో 200 మందికి మించకుండా, బ్యాంకు ద్వారానే తీసుకోవాలి. ప్రకటనలు ఇవ్వకూడదు. నన్నడిగితే, మీ కష్టం మీ చేతుల్లోనే ఉండాలంటే ప్రొడ్యూసర్ కంపెనీయే మేలు.

మరి ఆ అభిమానుల డబ్బు వదులుకోవాలా? అక్కర్లేదు. సరుకుకి అడ్వాన్సుగా తీసుకోండి. ‘దసరాకి పది కేజీల పప్పు’ అని ఆర్డరు, ధర, ఇచ్చే తేదీ రాసి డబ్బు తీసుకుంటే అది నిజమైన వ్యాపారం, డిపాజిట్ కాదు. ఆర్డరుకి తగినంతే తీసుకోండి. సరుకు ఇవ్వలేకపోతే, తిరిగి ఇవ్వాల్సిన రోజు నుంచి 15 రోజుల్లోపు డబ్బు ఇచ్చేయాలి. అది దాటితే అదీ డిపాజిట్ అయి కూర్చుంటుంది. మీ అవసరం పిక్కలు కొనే కొద్ది నెలలదే గనక నాకు అన్నిటికంటే ఇదే బాగా నప్పుతుందనిపిస్తోంది.

సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజ్, అంటే సమాజానికి మేలు చేసే సంస్థలు నిధులు సేకరించుకునే స్టాక్ మార్కెట్ విభాగం, మీకు ఇప్పట్లో కాదు. లాభాపేక్ష లేని సంస్థ అక్కడ నమోదు కావాలంటే కనీసం మూడేళ్ల వయసు, గత ఏడాది 50 లక్షల ఖర్చు, 10 లక్షల నిధుల రాక చూపించాలి. పైగా అలాంటి సంస్థలు అక్కడ జారీ చేసే జీరో కూపన్ జీరో ప్రిన్సిపల్ పత్రాల మీద వడ్డీ రాదు, అసలూ రాదు. అంటే విరాళమే.

కంపెనీ రిజిస్ట్రేషన్‌కి కొంత సమయం పడుతుంది. ఈ సీజన్‌కి డబ్బు కావాలంటే మీ డ్వాక్రా సంఘాల పేరు మీద బ్యాంకుకి వెళ్లండి. సంఘానికిచ్చే అప్పులో 20 లక్షల వరకు ఆస్తి తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. మేనేజరు ఇంటి పట్టా తెమ్మంటే, ఎందుకో కాగితం మీద రాసివ్వమనండి.