540 డాలర్లకు కొంటే 900 డాలర్లపై కస్టమ్స్ సుంకం: రిఫండ్ వస్తుందా?

ప్రశ్న: మాది హనుమకొండ. ప్రైవేటు కళాశాలలో అధ్యాపకుణ్ణి. మా నాన్నగారు వరంగల్‌లో చాలా ఏళ్లు ఫొటో స్టూడియో నడిపారు. ఆయన షష్టిపూర్తికి ఇద్దామని, నిరుడు బతుకమ్మ పండుగకు ముందు ఒక అమెరికా వెబ్‌సైటులో 900 డాలర్ల కెమెరా లెన్సును కూపన్‌తో 540 డాలర్లకు కొన్నాను. కొరియర్ వారు 900 డాలర్ల మీద సుంకం లెక్కగట్టి లింకు పంపారు. ముహూర్తం దగ్గరపడిందని కట్టేశాను. సంగతి తెలిసి నాన్నగారు "నా కోసం ఇంత దండగా" అని ఆ లెన్సును ఇప్పటికీ ముట్టుకోలేదు. అట్టపెట్టె, కాగితాలు పాత సామాన్లవాడికి వేశాం. అప్పటి నుంచి విదేశీ సైట్లు మానేసి, ఏది కావాలన్నా హైదరాబాద్ కోఠికి వెళుతున్నాం. కస్టమ్స్ వారి అన్యాయంపై వరంగల్‌లోనే వినియోగదారుల కేసు వేయవచ్చా? ఈ బతుకమ్మ వరకు గడువు ఉందంటున్నారు, నిజమేనా? ఇకపై డల్లాస్‌లో ఉన్న మా బావ చేత తక్కువ ధర రాయించి బహుమతిగా తెప్పించుకుంటే ఇబ్బంది ఉంటుందా? 800 డాలర్ల వరకు పన్ను లేదని ఆయన అంటున్నాడు.

సమాధానం: మీ నాన్నగారు లెన్సును ముట్టుకున్నారా లేదా అన్నది ఈ వ్యవహారంలో తేలవలసిన విషయం కాదు. సుంకం కట్టి పార్సెల్‌ను విడుదల చేసిన నాటికి, మీరు చెల్లించినది 540 డాలర్లేనని చూపే పత్రం ఏదైనా ఉనికిలో ఉందా అన్న ఒక్క ప్రశ్న మీదనే మీ డబ్బు తిరిగి రావడం ఆధారపడి ఉంది.

కస్టమ్స్ చట్టం, 1962లోని 14వ సెక్షన్ ప్రకారం సుంకం వేయవలసినది వాస్తవంగా చెల్లించిన లేదా చెల్లించవలసిన ధర మీదనే గాని, వెబ్‌సైటులో కొట్టివేసి చూపిన ధర మీద కాదు. 2000లో ఐషర్ ట్రాక్టర్స్ కేసులో పాత బేరింగులపై విదేశీ సరఫరాదారు ఇచ్చిన 77 శాతం తగ్గింపును సైతం సుప్రీంకోర్టు అంగీకరించింది. అయితే రవాణా, బీమా ఖర్చులు ఆ ధరకు కలుస్తాయి కనుక, 360 డాలర్ల తేడాపై కట్టిన సుంకం, జీఎస్‌టీ మించి ఏదీ ఆశించకండి. "కస్టమ్స్ వారి అన్యాయం" అన్నారు. పెట్టె మీద ప్లాస్టిక్ సంచిలో అంటించి వచ్చే ఇన్‌వాయిస్‌లో అమ్మకందారే 900 అని ముద్రించి, కొరియర్ సంస్థ దాన్నే బిల్ ఆఫ్ ఎంట్రీలో (కస్టమ్స్‌కు దాఖలు చేసే దిగుమతి పత్రంలో) నింపి ఉంటే, అధికారి చేసిన తప్పు ఏమీ లేదు. ఆ ఇన్‌వాయిస్‌ను కనీసం ఫోనుతో ఫొటో కూడా తీసుకోకుండా పెట్టెతో సహా పారవేయడం, చదువుకున్నవారు చేయవలసిన పని కాదు.

మరొకటి మీరు రాయలేదు, కాని ముందుగా తేల్చుకోవలసినది అదే. తగ్గిన 360 డాలర్లు అమ్మకందారు అందరికీ ఇచ్చిన తగ్గింపా, లేక మీ ఖాతాలో ఉన్న గిఫ్ట్ కార్డు నుంచో, పాత ఆర్డరు తాలూకు నిల్వ నుంచో సర్దుబాటైన సొమ్మా? రెండవదైతే అది తగ్గింపు కాదు, చెల్లింపే అవుతుంది, అప్పుడు 900 డాలర్లే సరైన ధర, కేసూ లేదు.

ఇక గడువు సంగతి. మదింపుపై, అంటే సుంకం లెక్కగట్టిన తీరుపై, కమిషనర్ (అప్పీల్స్) వద్ద అప్పీలు చేయడానికి 60 రోజులు, తగిన కారణం చూపితే మరో 30 రోజులు మాత్రమే ఉంటాయి, ఆ దారి మీకు ఎప్పుడో మూసుకుపోయింది. మిగిలినది 27వ సెక్షన్ కింద రిఫండ్, దానికి గడువు సుంకం చెల్లించిన తేదీ నుంచి ఒక సంవత్సరం. ఇది క్యాలెండరు సంవత్సరమే గాని తిథుల లెక్క కాదు. అధిక మాసం వచ్చిన ఏడు బతుకమ్మ పండుగ ఏడాది దాటాకే వస్తుంది, అప్పటికి మీ గడువు తీరిపోయి ఉంటుంది. పైగా కొరియర్ సంస్థలు తరచూ ముందు తామే సుంకం కట్టి తర్వాత గ్రహీత వద్ద వసూలు చేస్తాయి కనుక, మీరు లింకులో డబ్బు కట్టిన తేదీ కంటే ఆ తేదీ ముందే అయి ఉండవచ్చు.

నేరుగా రిఫండ్ అడిగితే మాత్రం అది నిలవదు. మదింపును చట్టప్రకారం ముందు సవరింపజేసుకోకుండా రిఫండ్ కోరరాదని 2019లో ఐటీసీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సవరణను అప్పీలు ద్వారానే కాక, 149వ సెక్షన్ కింద బిల్ ఆఫ్ ఎంట్రీని దిద్దించుకోవడం ద్వారా కూడా పొందవచ్చునని 2021లో సోనీ ఇండియా కేసులో తెలంగాణ హైకోర్టు స్పష్టం చేసింది. మీ దారి ఇదే. కాని సరుకు విడుదలయ్యాక సవరణ కోరితే, విడుదల నాటికే ఉనికిలో ఉన్న పత్రాల ఆధారంగానే దిద్దాలని ఆ సెక్షనే షరతు పెట్టింది. అందువల్ల అమ్మకందారు చేత ఇప్పుడు కొత్తగా రాయించుకునే లేఖకు విలువ లేదు, పాత తేదీ వేయించి తెచ్చే ఇన్‌వాయిస్ అయితే మిమ్మల్నే ముద్దాయిని చేస్తుంది. ఆర్డరు ఖరారైన రోజు వచ్చిన మెయిల్, డాలర్ల మొత్తాన్ని తేదీతో చూపే ఆ నెల కార్డు స్టేట్‌మెంటు, ఈ రెండూ చాలా వరకు సరిపోతాయి. మెయిల్‌ను స్క్రీన్‌షాట్‌గా కాక, మూల మెయిల్‌గానే భద్రపరచండి.

వినియోగదారుల కమిషన్ పన్ను మదింపును ప్రశ్నించలేదు, పన్ను వసూలు సేవ కాదు. ముందుగా చెప్పకుండా కొరియర్ సంస్థ తన సొంత రుసుము ఏదైనా కలిపి ఉంటే, దాని వరకు, రెండేళ్లలోగా, మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు.

బహుమతి ఆలోచనను ఇక్కడితో ఆపండి. 2019 డిసెంబర్ 12 నాటి నోటిఫికేషన్‌తో, ఈ-కామర్స్ సైట్లలో కొన్నవాటితో సహా, పోస్టు లేదా కొరియర్‌లో సరుకును సుంకం లేని బహుమతిగా తెప్పించుకోవడం నిషిద్ధమైంది. ప్రాణరక్షక మందులకు, రాఖీలకు మాత్రమే మినహాయింపు ఉంది. పూర్తి సుంకం కడితే తెచ్చుకోవచ్చు, కాని అప్పుడు బహుమతి అని రాయించి ప్రయోజనమేమిటి? తక్కువ ధర రాయించడం ఇంకా ప్రమాదకరం. సరుకు 111వ సెక్షన్ కింద జప్తు కావచ్చు, తెలిసి తప్పుడు పత్రం వాడితే 114ఏఏ సెక్షన్ కింద సరుకు విలువకు 5 రెట్ల వరకు జరిమానా పడవచ్చు. పార్సెల్‌కు కేవైసీగా ఇచ్చేది మీ ఆధార్, మీ బావకు ఆ మాట వాట్సాప్‌లో రాసేదీ మీరే, అధికారికి వేరే సాక్ష్యం వెతుక్కునే పని కూడా ఉండదు. మీ బావ చెప్పిన 800 డాలర్ల మినహాయింపు అమెరికాలోకి వెళ్లే సరుకుకు ఆ దేశం ఇచ్చినది, అది కూడా 2025 ఆగస్టు 29తో అన్ని దేశాలకూ ఆగిపోయింది. మన చట్టంలో ఉన్నదల్లా సుంకం 100 రూపాయలకు మించకపోతే వసూలు చేయకపోవడమే.

విదేశీ సైట్లు పూర్తిగా మానుకోవలసిన అవసరం లేదు. సుంకం కలిపి ముందే వసూలు చేసే పద్ధతి ఆ సైటులో ఉంటే దాన్ని ఎంచుకుని, తుది మొత్తాన్ని కోఠి ధరతో పోల్చుకోండి. తగ్గింపును ఇన్‌వాయిస్‌లో విడిగా చూపమని అమ్మకందారును ఆర్డరు రోజునే రాతపూర్వకంగా కోరండి.

ప్రస్తుతానికి ఈ వారంలోనే కొరియర్ సంస్థకు మెయిల్ చేసి, కొరియర్ బిల్ ఆఫ్ ఎంట్రీ ప్రతిని, దానికి జతచేసిన ఇన్‌వాయిస్‌ను, సుంకం జమ అయిన తేదీని అడగండి. ఆ బిల్లుపై ఏ నగరం కస్టమ్స్ కార్యాలయం పేరు ఉంటే అక్కడికే దరఖాస్తు వెళ్లాలి. అది శంషాబాద్ కావచ్చు, ఢిల్లీ లేదా ముంబయి కూడా కావచ్చు. 149వ సెక్షన్ దరఖాస్తు తేలేదాకా ఆగకుండా, గడువు కాపాడుకోవడానికి 27వ సెక్షన్ రిఫండ్ దరఖాస్తును కూడా వెంటనే దాఖలు చేసి, సవరణ పెండింగులో ఉందని అందులో రాయండి. సుంకాన్ని భరించినది మీరేనని చూపడానికి లింకు ద్వారా కట్టిన రసీదును జతచేయండి. వ్యక్తిగత వాడకానికి తెచ్చుకున్న సరుకు కనుక, సుంకం భారాన్ని ఇతరులపై వేయలేదని వ్యాపారుల్లా విడిగా నిరూపించుకోవలసిన అవసరం మీకు లేదు, కాని రిఫండ్ తేలేలోగా ఆ లెన్సును ఎవరికీ అమ్మకండి.