ఎక్స్‌పీ కంప్యూటర్ 60 సెకన్లలో ఆగిపోతుంటే ముందు పక్క కంప్యూటర్‌ను చూడండి

మీ ప్రెస్‌లో పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు టైపుకు వాడే అను ఫాంట్ల కోసం రెండు విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లు ఉంచుకున్నామని రాశారు. ఒకదానిలో 2001 నాటి సీడీతో విండోస్ మళ్లీ ఎక్కించి నెట్‌వర్క్ కేబుల్ పెట్టగానే, 60 సెకన్ల లెక్కింపు మొదలై ఆగిపోతోంది. రెండోది బాగానే పనిచేస్తోంది. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే భాగం) మార్చాలని మెకానిక్ చెప్పాడన్నారు.

దయచేసి ఎస్‌ఎంపీఎస్‌కు డబ్బు పెట్టకండి. అది పాడైతే చెప్పాపెట్టకుండా తెర నల్లబడుతుంది. సందేశం చూపించి, సెకన్లు లెక్కపెట్టి ఆగడం విండోస్ తానే చేస్తున్న పని. కేబుల్ తీస్తే ఆగడం లేదంటే ఇది నెట్‌వర్క్ మీదుగా వస్తున్న వార్మ్ (తనంతట తానే ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి పాకే హానికర ప్రోగ్రామ్) దాడి అని నా గట్టి అనుమానం.

2003 ఆగస్టు 11న బ్లాస్టర్ అనే వార్మ్ బయటపడినప్పుడు నేను ఒక నెట్ సెంటర్‌లో కంప్యూటర్లు చూసుకునేవాడిని. విండోస్ 98 ఉన్నవాటికి ఏమీ కాలేదు. ఎక్స్‌పీ, 2000 ఉన్నవి మాత్రం ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయేవి. వాటిలో వెతికితే కొన్నింటిలో వార్మ్ ఫైలే లేదు. అది దొరికింది ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తున్న యంత్రంలో!

కారణం ఇది. బ్లాస్టర్ 135వ పోర్టు (నెట్‌వర్క్ నుంచి కంప్యూటర్‌లోకి ఉండే ద్వారం లాంటిది) గుండా ఆర్‌పీసీ, అంటే రిమోట్ ప్రొసీజర్ కాల్, అనే విండోస్ సేవలోని లోపం మీద దాడి చేస్తుంది. అవతల ఉన్నది ఎక్స్‌పీయా, 2000ఆ అన్నది దానికి తెలియదు, ఊహించి కొడుతుంది. ఊహ తప్పితే లోపలికి వెళ్లలేదు కానీ ఆర్‌పీసీ కూలిపోతుంది. ఆ సేవ లేకుండా నడవలేని విండోస్ తనను తాను మూసుకుంటుంది. కాబట్టి విండోస్ మళ్లీ ఎక్కించిన మీ కంప్యూటర్ దెబ్బ తింటున్నది మాత్రమే కావచ్చు. కొడుతున్నది ఆ రెండోదేమో చూడండి.

సందేశంలో రిమోట్ ప్రొసీజర్ కాల్ అని ఉంటే బ్లాస్టర్ తరహా. ఎల్‌శాస్ (LSASS) అనే మరో విండోస్ సేవ పేరు ఉంటే 2004 ఏప్రిల్ చివర్లో వచ్చిన శాసర్ అనే వార్మ్ తరహా. అది 445వ పోర్టు నుంచి వస్తుంది.

ముందు రెండింటికీ కేబుల్ తీసేయండి. లెక్కింపు నడుస్తుంటే స్టార్ట్‌లోని రన్‌లో షట్‌డౌన్ అని టైపు చేసి, ఖాళీ వదిలి, హైఫన్, వెంటనే ఎ అక్షరం కొట్టండి, లెక్కింపు ఆగుతుంది. ఇది ఊపిరి తీసుకునే సమయం ఇస్తుంది, అంతే.

తర్వాత రెండో కంప్యూటర్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి ఎంఎస్‌బ్లాస్ట్ (msblast, బ్లాస్టర్‌ది) లేదా ఏవీసర్వ్ (avserve, శాసర్‌ది) అనే ప్రాసెస్ ఉందేమో చూడండి. ఉంటే దాన్ని ఆపి, ఫైలు తొలగించండి. మొదటిది విండోస్‌లోని సిస్టమ్32 ఫోల్డర్‌లో, రెండోది నేరుగా విండోస్ ఫోల్డర్‌లో ఉంటాయి. విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో, కంప్యూటర్ ఆన్ కాగానే నడిచేవాటి జాబితా అయిన రన్ కీలో కూడా వెతకాలి. అక్కడ బ్లాస్టర్ "విండోస్ ఆటో అప్‌డేట్" అనే నమ్మదగిన పేరుతో కూర్చుంటుంది. దాన్ని తీయకుండా వదిలేయకండి. వేరే పేర్లతో తిరిగే రకాలూ ఉన్నాయి కనుక యాంటీవైరస్‌తో పూర్తి స్కాన్ తప్పనిసరి.

ఇక అసలు మందు ప్యాచ్, అంటే లోపాన్ని పూడ్చే సవరణ. బ్లాస్టర్ వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ 2003 జూలై 16నే సవరణ ఇచ్చింది, వార్మ్ రావడానికి దాదాపు నాలుగు వారాల ముందు! మీ పాత సీడీలో అది లేదు. అందుకే ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా కేబుల్ పెట్టగానే మళ్లీ మొదటికే వస్తుంది. వేరే శుభ్రమైన కంప్యూటర్‌లో ఎక్స్‌పీ సవరణలను కట్టగట్టి ఇచ్చిన సర్వీస్ ప్యాక్ 2, 3లను సీడీలోకి ఎక్కించి తెచ్చి, అదే వరసలో వేయండి. బ్లాస్టర్, శాసర్ వాడుకున్న రెండు లోపాలూ ప్యాక్ 2తోనే మూసుకుపోతాయి. 2008లో వచ్చిన కాన్‌ఫికర్ అనే మరో వార్మ్ కోసం కేబీ958644 అనే ప్యాచ్ కూడా వేయాలి, అది ప్యాక్ 3లో లేదు. పెన్‌డ్రైవ్ కన్నా సీడీ మేలంటున్నది కూడా అందుకే: కాన్‌ఫికర్ పెన్‌డ్రైవ్‌ల మీదా పాకుతుంది.

ఇవన్నీ రెండింటిలోనూ పూర్తయి, ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందని చూసుకున్నాకే కేబుల్ పెట్టండి. అప్పుడు కూడా ఆ రెండింటి మధ్య వరకే. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో మద్దతు ఆగిపోయింది. ఇంటర్నెట్ పనికి వేరే కంప్యూటర్ వాడుకోండి. పేజ్‌మేకర్ ఫైళ్లను మాత్రం ఈ పని మొదలుపెట్టే ముందే సీడీలో దాచుకోండి, పాత ఖాతాదారుల పెళ్లి శుభలేఖల నమూనాలన్నీ అందులోనే ఉంటాయి కదా.