కీళ్ల నొప్పి మాత్రలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు. మోకాళ్లు అరిగాయన్నారు. రెండేళ్లుగా డైక్లోఫెనాక్ 50 మి.గ్రా. మాత్ర పొద్దునా రాత్రీ వేసుకుంటోంది. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర వాడుతోంది. ఈమధ్య పాదాలు వాస్తున్నాయి, బీపీ కూడా అదుపులో ఉండటం లేదు. నొప్పి మాత్ర వల్లేనా?

జవాబు: ఆ అవకాశం చాలా ఎక్కువ. డైక్లోఫెనాక్ ఇవాళే ఆపించి, రెండు మూడు రోజుల్లో డాక్టరుకు చూపించండి. మూత్రం బాగా తగ్గినా, ఆయాసం వచ్చినా అంతవరకు ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. బీపీ మాత్రను మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

కిడ్నీలో రక్తాన్ని వడగట్టే జల్లెడకు రక్తం తెచ్చే నాళం ఒకటి, తీసుకుపోయే నాళం ఒకటి ఉంటాయి. వయసు పైబడినప్పుడు, ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ తెచ్చే నాళం ముడుచుకుపోకుండా చూసేవి ప్రోస్టాగ్లాండిన్లు. కీళ్లలో నొప్పికీ వాపుకీ కారణమయ్యేవీ అవే. డైక్లోఫెనాక్ వాటి తయారీని అడ్డుకుంటుంది కాబట్టి మోకాలి నొప్పి తగ్గుతుంది, దాంతోపాటే కిడ్నీకి వచ్చే రక్తమూ తగ్గుతుంది. టెల్మిసార్టాన్ రక్తం బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. హైడ్రోక్లోరోథయాజైడ్ ఉప్పునూ నీటినీ మూత్రంలో పంపేస్తుంది. ఈ మూడూ ఒకే మనిషిలో కలిసేసరికి జల్లెడలో ఒత్తిడి పడిపోతుంది. మామూలు రోజుల్లో కిడ్నీ ఎలాగో నెట్టుకొస్తుంది. రెండు రోజులు వాంతులో విరేచనాలో పట్టుకుంటే మాత్రం క్రియాటినిన్ (కిడ్నీ రక్తంలోంచి వడగట్టి పంపేయాల్సిన వ్యర్థం) ఉన్నట్టుండి పెరిగిపోతుంది. ఏ నొప్పీ లేకుండా జరిగే నష్టం ఇది. అందుకే ఇంత వివరంగా చెప్తున్నాం.

చేయించాల్సిన పరీక్షలు: క్రియాటినిన్, దాన్నుంచి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత బాగా వడగడుతోందో చెప్పే అంకె), పొటాషియం, హిమోగ్లోబిన్, మూత్ర పరీక్ష. ఈజీఎఫ్ఆర్ 30 కన్నా తక్కువుంటే డైక్లోఫెనాక్ తరగతి మందులు పనికిరావు. 30కీ 60కీ మధ్య ఉంటే రోజుల తరబడి వాడకూడదు. ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్, ఎసిక్లోఫెనాక్, ఎటోరికాక్సిబ్, సెలికాక్సిబ్ అన్నీ ఈ తరగతివే. ఒకటి మానిపించి ఇంకొకటి మొదలుపెడితే కిడ్నీకి ఒరిగేదేమీ లేదు.

మరి నొప్పికేం చేయాలంటే, ముందు పైపూత జెల్ వాడండి (దాని సంగతి చివరి ప్రశ్నలో ఉంది). తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామం తప్పకుండా చేయించండి. కుర్చీలో కూర్చుని ఒక కాలు నిటారుగా చాచి, 5 సెకన్లు ఆపి, మెల్లగా దించాలి. ఒక్కో కాలికి 10 సార్లు, రోజుకు రెండు పూటలా. ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో మానకూడదు. బరువు ఎక్కువుంటే ఒక కిలో తగ్గినా, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు 4 కిలోల భారం తగ్గుతుంది.

ప్రశ్న: నేను నొప్పి మాత్ర ఎప్పుడూ తిన్నాకే వేసుకుంటాను. పైన పూత ఉన్న మాత్రే తీసుకుంటాను. ఇంతవరకు కడుపులో మంట రాలేదు. ఇక అల్సర్ భయం లేనట్టేనా?

జవాబు: లేదని చెప్పలేం. తిన్నాక వేసుకుంటే మంట, వికారం తగ్గుతాయి గానీ అల్సర్ ఆగదు. మాత్ర కడుపు గోడకు తగలడం ఒక్కటే కారణమైతే పూతతో సరిపోయేది. అసలు నష్టం రక్తంలో కలిసిన మందు వల్ల జరుగుతుంది. కడుపు లోపలి పొరను కాపాడే ప్రోస్టాగ్లాండిన్లను కూడా అది తగ్గించేస్తుంది. ఇంజెక్షన్ చేయించుకున్నా, సపోజిటరీ (మలద్వారంలో పెట్టుకునే మందు) పెట్టుకున్నా ఇదే పరిస్థితి. మంట లేదన్న మాట కూడా నమ్మడానికి లేదు. కొందరిలో అల్సర్ ఉన్నట్టు మొదటిసారి తెలిసేది రక్తస్రావం అయినప్పుడే.

వయసు 65 దాటినవారు, గతంలో అల్సర్ వచ్చినవారు, స్టెరాయిడ్లు, ఆస్పిరిన్, వార్ఫరిన్ లాంటి మందులు వాడేవారు, డిప్రెషన్‌కు సెర్ట్రలిన్ లాంటివి తీసుకునేవారు నొప్పి మాత్ర తప్పనిసరైతే దాంతోపాటు కడుపులో యాసిడ్ తగ్గించే ఒమెప్రజోల్ 20 మి.గ్రా. లాంటిది వాడాలి. దాన్ని పరగడుపున, తినడానికి అరగంట ముందు వేసుకోవాలి. తిన్నాక వేసుకుంటే అంత బాగా పనిచేయదు. అయితే అది కాపాడేది కడుపునూ, చిన్నపేగు మొదటి భాగాన్నే. కింది పేగులకు, కిడ్నీలకు, గుండెకు దానివల్ల రక్షణ ఏమీ లేదు. గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాం కదా అని నొప్పి మాత్రను ఏళ్ల తరబడి సాగదీయడం అందుకే తప్పు. గతంలో అల్సర్ ఉంటే హెలికోబాక్టర్ పైలోరీ పరీక్ష కూడా చేయించుకోండి. ఆ క్రిమి ఉంటే ముందు దానికి మందు వాడాలి.

మలం తారులా నల్లగా జిగటగా వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా తెల్లారేదాకా చూడొద్దు, ఆసుపత్రికి వెళ్లండి. ఐరన్ మాత్రలు వాడేవారికి మలం మామూలుగానే నల్లగా వస్తుంది. కానీ కళ్లు తిరగడం, ఆయాసం, నీరసం తోడైతే ఐరన్ వల్లే అని సరిపెట్టుకోకండి.

ప్రశ్న: ఒక డాక్టరు ఎసిక్లోఫెనాక్ 100, పారాసెటమాల్ 325 కలిసిన మాత్ర రెండు పూటలా రాశారు. మరొకరు రాత్రికి ఎటోరికాక్సిబ్ 90 రాశారు. ఇవి కాక పారాసెటమాల్ 650 మూడుసార్లు వేసుకుంటున్నాను. డోసు ఎక్కువైందా?

జవాబు: పారాసెటమాల్ లెక్క చూద్దాం. 325 రెండుసార్లు, 650 మూడుసార్లు కలిపి 2,600 మి.గ్రా. పెద్దవాళ్లకు రోజుకు 4,000 దాటకూడదు. బక్కపల్చగా ఉన్నవారికి, మద్యం అలవాటున్నవారికి, లివర్ జబ్బున్నవారికి ఇంకా తక్కువ ఉండాలి. కాబట్టి అది హద్దులోనే ఉంది.

తప్పు మిగతా రెంటి దగ్గరుంది. ఎసిక్లోఫెనాక్ 200 మి.గ్రా.తోనే ఆ తరగతి మందు రోజు కోటా అయిపోయింది. దాని మీద ఎటోరికాక్సిబ్ చేరితే నొప్పి ఇంకా తగ్గేదేమీ ఉండదు, కడుపుకూ కిడ్నీకీ ముప్పు మాత్రం పెరుగుతుంది. పైగా కీళ్ల అరుగుదలకు ఎటోరికాక్సిబ్ 60 దాటకూడదు. బీపీ 140/90 దాటి అదుపులో లేనివారికి అసలు ఇవ్వకూడదు. ఇవాళ్టి నుంచి రెంటినీ కలిపి వేసుకోకండి. రెండు చీటీలూ ఒకే డాక్టరు ముందు పెట్టి ఏది ఉంచాలో తేల్చుకోండి. ఇకముందు స్ట్రిప్ మీద పెద్దక్షరాల్లో ఉండే కంపెనీ పేరు కాదు, కింద చిన్నక్షరాల్లో ఉండే మందు పేరు చదవండి. జలుబు మాత్రల్లో కూడా ఐబుప్రోఫెన్ ఉండొచ్చు.

ప్రశ్న: నాన్నగారికి గుండెకు స్టెంట్ వేశారు. రోజూ ఆస్పిరిన్ 75 వాడుతున్నారు. భుజం నొప్పికి ఐబుప్రోఫెన్ ఇవ్వొచ్చా?

జవాబు: గుండె డాక్టరును అడగకుండా ఇవ్వకండి. ఈ తరగతి మందులు గుండెపోటు ముప్పును పెంచుతాయి, అదీ వాడకం మొదలైన వారాల్లోనే. ఇదే తరగతికి చెందిన రోఫెకాక్సిబ్‌ను 2004లో మార్కెట్ నుంచి తీసేయడానికి కారణం అదే. ఐబుప్రోఫెన్‌తో ఇంకో చిక్కుంది. ప్లేట్‌లెట్ల (రక్తం గడ్డకట్టించే కణాల) మీద ఆస్పిరిన్ అతుక్కోవాల్సిన చోటుకు ముందే అడ్డం వచ్చి, దాని పని చెడగొడుతుంది. ఎప్పుడైనా ఒక్క డోసు తప్పనిసరైతే, పూత లేని ఆస్పిరిన్ వేసుకున్నాక కనీసం అరగంట ఆగి ఇవ్వాలి, లేదా ఆస్పిరిన్‌కు 8 గంటల ముందే అయిపోవాలి. పూత ఉన్న ఆస్పిరిన్‌కు ఈ లెక్క వర్తించదు. భుజానికి పారాసెటమాల్, కాపడం, ఫిజియోథెరపీతో మొదలుపెట్టండి.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. పొద్దున లేచాక గంటకు పైగా వేళ్లు బిగుసుకుపోతాయి, కణుపులు వాస్తాయి. నాప్రోక్సెన్‌తో హాయిగా ఉంటోంది. ఇదే కొనసాగించవచ్చా?

జవాబు: కొనసాగించకండి. మీరు చెప్పిన లక్షణాలు రుమటాయిడ్ ఆర్థరైటిస్‌వి (ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే కీళ్ల మీద దాడి చేసే జబ్బు) కావచ్చు. నాప్రోక్సెన్ నొప్పిని తగ్గిస్తుంది గానీ ఎముక అంచులు తినేయబడటాన్ని ఆపలేదు. దానికి మెథోట్రెక్సేట్ లాంటి మందులు వేరే ఉన్నాయి, వాటిని తొలి నెలల్లో మొదలుపెడితేనే కీళ్లు దక్కుతాయి. రుమటాలజిస్టును (ఇలాంటి కీళ్ల జబ్బుల డాక్టరును) త్వరగా కలవండి. మీరు మహిళైతే, గర్భం ఉన్నా, ప్రయత్నంలో ఉన్నా ఆ మాట ముందే చెప్పండి. గర్భం 20 వారాలు దాటాక నాప్రోక్సెన్ తరగతి నొప్పి మాత్రలు బిడ్డ కిడ్నీలకు హాని చేయొచ్చు. మెథోట్రెక్సేట్ అయితే గర్భంలో అసలు పనికిరాదు.

ప్రశ్న: మోకాలికి డైక్లోఫెనాక్ జెల్ నెలరోజులుగా రాస్తున్నాను. గుణం లేదు.

జవాబు: నెలకు ఎన్ని ట్యూబులు అయ్యాయి? ఒక్కటే అయితే మందు చాలలేదన్నమాట. 1 శాతం జెల్ ఒక మోకాలికి ఒకసారికి 4 గ్రాములు, రోజుకు 4 సార్లు రాయాలి. ఆ లెక్కన 30 గ్రాముల ట్యూబు రెండు రోజులు కూడా రాదు. చూపుడువేలి చివరి కణుపు పొడవునా పిండితే దాదాపు అర గ్రాము వస్తుంది. అంటే ఒకసారికి అలాంటివి ఎనిమిది కావాలి. మోకాలి ముందు, వెనక, పక్కలా రాసి, చేతులు కడుక్కుని, గంటసేపు నీళ్లు తగలనివ్వకండి. దాని మీద కట్టు కట్టొద్దు, కాపడం పెట్టొద్దు. పుండు, గీత ఉన్నచోట రాయొద్దు. మాత్రతో పోలిస్తే రక్తంలోకి చేరేది దాదాపు 6 శాతమే. అయినా కిడ్నీ జబ్బున్నవారు, ఆస్పిరిన్ పడని ఆస్తమా ఉన్నవారు డాక్టరుకు చెప్పాకే వాడాలి. ఇలా రెండు వారాలు సరిగ్గా రాసి చూడండి. అప్పటికీ తేడా లేకపోతే మానేయండి.